హానా టాప్లిన్ ఫైలులో చివరి చీటీ

గ్యాస్ పొయ్యి మీటలు నాలుగూ ఆపే ఉన్నాయి. నెరిడా ఒక్కొక్కదాన్నీ వేలితో తాకి చూసింది. వాకిలి దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి మళ్ళీ తాకింది. ఈసారి ఫోన్‌లో ఫోటో కూడా తీసుకుంది.

"ఇంకా ఎంతసేపు?" కారులోంచి భర్త క్లైవ్ కేకేశాడు. "పొయ్యి నేను చూశాలే. నువ్వు చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే!"

హోబార్ట్ నగరం దాకా అతను ఈల వేస్తూనే ఉన్నాడు. ఆమె పనిచేసే పాత రికార్డుల ఆఫీసు, ఆర్కైవ్స్ గేటు ముందు దింపుతూ ఆమె భుజం తట్టాడు. "నాలుగున్నరకి డాక్టరు. గుర్తుంటుందా? పోనీలే, నాకు గుర్తుంది. నేనే వచ్చి తీసుకెళ్తాను."

ఆమె మతి సరిగ్గా లేదని డాక్టరు ఒక్క కాగితం రాసిస్తే చాలు. ఆమె వ్యవహారాలన్నీ భర్త చేతికి అప్పగించమనే అర్జీ ఇంట్లో సిద్ధంగా ఉంది. హ్యూవన్ లోయలో తండ్రి ఆమె పేరున రాసిన యాపిల్ తోట కూడా ఆ వ్యవహారాల్లోదే. అమ్మేది లేదని ఆమె నాలుగేళ్ళుగా అంటున్న తోట.

మార్చిలో మొదలైంది ఇదంతా. ముందు తాళాలు పోయాయి. రెండు రోజులు ఇల్లంతా వెతికాక, "ఇవిగో, పిండి డబ్బాలో పెట్టావు తల్లీ!" అని క్లైవ్ నవ్వుతూ తీసిచ్చాడు. తర్వాత కళ్ళజోడు బట్టల బుట్టలో దొరికింది. తర్వాత పొయ్యి, ఆపిన పొయ్యి వెలుగుతూ కనబడటం. ఆడపడుచు జాయ్లీన్ ఆదివారం భోజనానికి వచ్చి, నెరిడా వండింది తింటూనే, "పాపం మా క్లైవ్! పెళ్ళాన్ని చంటిపిల్లలా సాకుతున్నాడు" అంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ ఇంట్లో క్లైవ్ బీపీ మాత్రలు, అతని తల్లి డయాపర్లు, జాయ్లీన్ పిల్లల పుట్టినరోజులు గుర్తుంచుకున్నది నెరిడా ఒక్కతే. దాన్ని జ్ఞాపకశక్తి అని ఎవరూ అనలేదు. ఆర్నెల్లలో నాలుగు వస్తువులు కనబడకపోతే మాత్రం దానికి ఒక జబ్బు పేరు దొరికింది. అన్నిటికన్నా ఘోరం, ఆమె కూడా నమ్మడం మొదలుపెట్టింది.

"ఏం నెర్, ఈ రోజు నీ పిచ్చివాళ్ళు ఎంతమంది?" పక్క బల్ల నుంచి బ్రాన్విన్ అడిగింది. ఆ ఏడాదంతా రోజూ వేసే జోకే.

"పద్నాలుగు మంది" అంది నెరిడా, నవ్వకుండా.

వందేళ్ళు దాటిన మతిస్థిమితం లేనివాళ్ళ ఆసుపత్రి ఫైళ్ళను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టడం ఆ ఏడాది వాళ్ళ పని. ఇవాళ ఆడవాళ్ళ వార్డు పెట్టె వచ్చింది. తొమ్మిదో ఫైలు మీద పేరు చూసి ఆమె చెయ్యి ఆగింది. హానా టాప్లిన్, 1889. క్లైవ్ ముత్తాత మొదటి భార్య. ఆ ఇంట్లో ఎవరూ ఆ పేరు పూర్తిగా పలకరు.

మొదటి కాగితం భర్త ఇచ్చిన వాంగ్మూలం. "నా భార్య తాళాలు పెట్టినచోటు మరిచిపోతుంది. పొయ్యి ఆర్పదు. నేనే దాచానని నిందిస్తుంది. నన్ను చూసి భయపడుతుంది." కింద ఇద్దరు డాక్టర్ల సంతకాలు. రెండో కాగితం హానా తన అక్కకు రాసిన ఉత్తరం. "అక్కా, తాళాలు పిండి డబ్బాలో దొరికాయట. నేను పెట్టలేదు. కళ్ళజోడు బట్టల బుట్టలో ఉందట. నేను పెట్టలేదు. వచ్చి నన్ను తీసుకెళ్ళు." మీద ఎర్ర పెన్సిలుతో ఎవరో అడ్డంగా రాశారు: పంపవద్దు. పందొమ్మిదేళ్ళ తర్వాత ఆమె ఆ ఆసుపత్రిలోనే పోయింది.

నెరిడా ఉత్తరం మళ్ళీ చదివింది. పిండి డబ్బా, బట్టల బుట్ట, పొయ్యి. అదే వరస. వందేళ్ళ కిందటి ఇంట్లో జరిగింది తన ఇంట్లో ఎలా జరుగుతుంది? ఒకవేళ ఈ ఫైలు తనే ఎప్పుడో చదివిందా? చదివిన సంగతి మరిచిపోయి, ఇందులో ఉన్నట్టే తనకు తెలియకుండా తనే చేస్తోందా? అలా అయితే క్లైవ్ అన్నది నిజమే.

తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. అక్కడ ఎవరు ఏ ఫైలు అడిగినా పెన్సిలుతో చీటీ రాయాలి. ఒక ప్రతి అరలో పెట్టి, ఫైలు తిరిగి రాగానే తీసేస్తారు. రెండోది ఫైలు వెనక అట్టలోనే ఎప్పటికీ ఉండిపోతుంది. అక్కడి ఉద్యోగులకు కూడా అదే నియమం.

నా పేరే ఉంటే, సాయంత్రం ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టేస్తాను, అనుకుంది. అట్ట తిప్పింది.

ఒకటే చీటీ. సి. డబ్ల్యు. టాప్లిన్. ఈ ఏడాది ఫిబ్రవరి పద్నాలుగు. కారణం అన్న గడిలో, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కిరాణా జాబితాల మీద చూసిన ఆ చేతిరాతలోనే, రెండు ముక్కలు: కుటుంబ చరిత్ర.

అప్పుడు ఆమె మోకాలి ఆపరేషనై మంచం మీద ఉంది. కారు బ్యాటరీ కొనాలని హోబార్ట్ వెళ్ళిన క్లైవ్, ఆ సాయంత్రం ఎన్నడూ లేనిది గులాబీలు తెచ్చాడు. చీటీల సంగతి భోజనాల దగ్గర అతనికి ఎన్నిసార్లు చెప్పబోయిందో! "నీ పాత కాగితాల దుమ్ము నా సూపులో పోయకు" అనేవాడు. ఒక్కసారి విని ఉంటే ఇది రాసేవాడు కాదు.

తనకు పిచ్చి లేదు. ఆ సంతోషం ఒక్క క్షణం కూడా నిలవలేదు. రాత్రుళ్ళు తను నిద్రపోయాక లేచి పొయ్యి వెలిగించిన మనిషి పక్కన ఆర్నెల్లు పడుకుంది తను.

ఫోన్ మోగింది. నాలుగు దాటి ఐదు నిమిషాలు.

"కింద గేటు దగ్గరున్నా. బ్యాగు ఉందా, దాన్నీ పారేశావా?"

"ఉంది." ఆమె స్కానర్ మూత తెరిచింది. "వస్తున్నా."

ఫోన్ పెట్టి మూడు కాగితాలూ స్కాన్ చేసింది. వాంగ్మూలం, ఉత్తరం, చీటీ.

"బ్రాన్, నన్ను నీ కారులో డాక్టరు దగ్గర దింపుతావా? వెనక గేటు నుంచి."

"క్లైవ్ వస్తానన్నాడుగా?"

"ముందు గేటు దగ్గరున్నాడు. ఉండనీ."

బ్రాన్విన్ నవ్వబోయి, బల్ల మీది చీటీ చూసింది. ఉత్తరం చదివింది. మళ్ళీ చీటీ చూసింది. కారు తాళాలు తీసుకుంది. "రాత్రికి మా ఇంట్లో పడుకో" అంది తలుపు దగ్గర.

నకళ్ళు బయటికి తీసుకెళ్ళాలంటే చీటీ రాయాలి. నెరిడా పెన్సిలు తీసుకుంది. పేరు స్పష్టంగా పడింది. తేదీ రాసింది. కారణం అన్న గడి దగ్గర ఆగి, క్లైవ్ చీటీ వంక ఒకసారి చూసి, అతను రాసిన రెండు ముక్కలే తనూ రాసింది.

కుటుంబ చరిత్ర.