అప్పగింత జాబితాలో లేని పాట

...నల్లబల్లలు నాలుగు, భూగోళం ఒకటి, పటాలు రెండు, ముక్కాలిపీట ఒకటి, డస్టర్లు ఆరు. జూన్‌లో నారాయణపేటకు బదిలీ అయి వెళ్తూ లీలమ్మ టీచరమ్మ అన్నీ కాగితం మీద రాసి, సంతకం పెట్టి అప్పగించింది. పాటను మాత్రం ఎవరికీ అప్పగించలేదు. అయినా, పాటను ఏ వరసలో రాస్తారు?

వరండాలో నీళ్ళు చల్లుతూ ఇస్రాయేలు ఈ మాటనే తిప్పి తిప్పి తలపోస్తున్నాడు. యాభై దాటిన మనిషి. సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. ఖాకీ కోటుకు పై గుండీ లేదు, అక్కడ పిన్నీసు. పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఏడు ఈ సర్కారు బడిలో అటెండరుగా చేరాడు. ఇప్పుడు పంతొమ్మిది వందల అరవై ఒకటి నడుస్తోంది.

రేపటి నుంచి క్రిస్మస్ సెలవులు. ప్రతి ఏడూ సెలవులిచ్చే రోజు పొద్దున, ప్రార్థన అయ్యాక, టీచరమ్మ హార్మోనియం ముందు కూర్చుని పశువుల పాకలో పుట్టిన బిడ్డ పాట ఎత్తుకునేది. అంతకు ముందు ఇంకో పని చేసేది. వెనక వరసల్లో నిలబడే ఊరవతలి వాడ పిల్లలను పేరుపేరునా పిలిచి ముందుకు తెచ్చేది. ఏడాది పొడుగునా నేల చూపులు చూసే ఆ పిల్లలు ఆ ఒక్క పొద్దున మెడలు నిలబెట్టేవారు. పట్వారీ మనుమడు సైతం వాళ్ళ నోళ్ళు చూసి మాటలు అందుకునేవాడు. ఇస్రాయేలు అందరి వెనక నిలబడి పెదవులు కదిపేవాడు. తన గొంతు నలుగురిలో పనికి రానిదని ఎప్పుడో తీర్మానించుకున్నాడు.

ఆఫీసు గదిలో బల్ల తుడుస్తూ అడిగాడు. అడగడానికి మూడు రోజులు పట్టింది.

"సారూ, రేపటికెల్లి సెలవులు గదా... పాట?"

హెడ్మాస్టరు వెంకటరాజం వానాకాలంలో కొత్తగా వచ్చాడు. సాలెల ఇంట పుట్టి, మగ్గం గుంట పక్కన కూర్చుని చదువుకున్నవాడు. చెడ్డవాడు కాదు, జాగ్రత్త ఎక్కువ.

"ఇది సర్కారు బడి, ఇస్రాయేలూ. ఎవల పండుగ వాళ్ళింట్ల చేసుకుంటేనే మంచిది. రేపు ఎవడన్న అర్జీ పెడితే జవాబు నేను చెప్పాలె."

"సరస్వతమ్మ పటానికి దండ నేనే గుచ్చుత సారూ. పీరీల పండుగకు షర్బత్ నేనే కలుపుత. గా పండుగలు నాయి గావని ఏ దినం అనలే. గవన్ని బడియే అయితే, గిది గూడ బడిదే. గీ ఒక్క పాటనే ఇంటికి పొమ్మంటే ఎట్ల?"

ఆ గదిలో అతను అంత మాట్లాడటం అదే మొదలు. గుడ్డ మాత్రం తుడిచిన చోటే తుడుస్తోంది.

వెంకటరాజం సెలవుల కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "నేను వద్దంటలే. కాని పాట ఎత్తుకునేటోళ్ళేరి? టీచరమ్మ పాయె, ఆమె పెట్టె పాయె. పాడేటోళ్ళు లేని పాటకు నేను సరేనంటే ఏం లాభం?"

పక్క కుర్చీలో కూర్చున్న డ్రిల్లు మాస్టరు గండయ్య పకాలున నవ్వాడు. "ఇస్రాయేలే ఎత్తుకుంటడు సార్. ఆయన గొంతిప్పితే ఆలేరుల ఆగిన రైలు గూడ బెదిరి ఉరుకుతది."

ఇద్దరూ నవ్వారు. ఇస్రాయేలు కూడా నవ్వాడు. గది దాటాక ఆ నవ్వు చేదుగా తోచింది. తన మీద వేసిన మాటకు తనే ముందు నవ్వడం, దెబ్బ తగలకముందే చెంప చూపించడం, ఎప్పుడు అలవాటైందో అతనికి గుర్తు లేదు.

ఆలేరు అనగానే ప్లాట్‌ఫారం కళ్ళ ముందుకు వచ్చింది. టీచరమ్మ వెళ్ళిన రోజు హార్మోనియం పెట్టెను తనే నెత్తిన మోసుకెళ్ళి రైల్లో పెట్టాడు. బండి కదిలింది. పాట సంగతి చెప్తుందేమోనని నాలుగడుగులు వెంట నడిచాడు. టీచరమ్మ కిటికీలోంచి వంగి, "ఇస్రాయేలన్నా, ముక్కాలిపీట కాలు ఊగుతున్నది, మొల కొట్టియ్యి" అంది. అంతే. ఆరు నెలలుగా ఆ మాట ముల్లులా ఉంది. వరండాలో ఎత్తిన నీళ్ళ బకెట్ మళ్ళీ దించి నిలబడ్డాడు. బడి సామాను బడికి అప్పగించింది. ఎవరి పాట వాళ్ళకే ఎవరైనా అప్పగిస్తారా?

ప్రార్థన ముగిసింది. వెంకటరాజం సెలవుల కాగితం చదివి, "ఇగ క్లాసులకు పోండ్రి" అన్నాడు. గంట కొట్టమని ఇస్రాయేలు వైపు చూశాడు. అతని చేతిలో ఇనుప కడ్డీ ఉంది, ఎదురుగా గంటగా కొట్టే రైలు పట్టా ముక్క వేలాడుతోంది. వాడ పిల్లలు వెనక వరసలో కదలకుండా నిలబడి, హార్మోనియం ఉండే చోటు వైపు చూస్తున్నారు.

ఇస్రాయేలు కడ్డీని వరండా గోడ మీద పెట్టాడు. మెట్లు దిగాడు.

"నర్సింహా! సుక్కమ్మా! ముందలికి రాండ్రి. అందరు రాండ్రి."

పిల్లలు ఒకరినొకరు చూసుకుంటూ వచ్చారు. ఇస్రాయేలు గొంతెత్తాడు.

వచ్చింది టీచరమ్మ బాణీ కాదు, నాట్ల బాణీ. బురదలో వంగి అతని తల్లి పుల్లమ్మ ఆ బిడ్డ పాటను అట్లాగే పాడేది. పన్నెండేళ్ళప్పుడు చర్చి గుడిలో ఆ బాణీతోనే ఎత్తుకుంటే, పాస్టరు అయ్యగారు చిరునవ్వుతో చెయ్యెత్తి ఆపాడు. నలభై ఏళ్ళు ఆ చెయ్యి అతని గొంతు మీదనే ఉంది. ఇప్పుడు కూడా గొంతు వణికింది, ఒక చోట పగిలింది. అయినా ఆపలేదు.

రెండో పాదం వాడ పిల్లలు అందుకున్నారు. మూడోది కాపు పిల్లలు, సాలె పిల్లలు. మాటలు బడిలో నేర్చినవి, బాణీ పొలం గట్ల మీద విన్నది. గండయ్య నవ్వలేదు. వెంకటరాజం చేతిలోని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇస్రాయేలు అటు చూడలేదు. నడుము నిటారుగా పెట్టి ఇంకో చరణం ఎత్తుకున్నాడు.

గంట కొట్టాల్సిన పదిన్నర దాటింది. ఇనుప కడ్డీ వరండా గోడ మీద, అతను పెట్టిన చోటనే ఉంది.