ఇంకో సిట్టింగ్

పదిహేను వందల గంటలు విమానం నడిపితే తప్ప, చిన్న ఊళ్ళ మధ్య తిరిగే ఆ విమానాల కంపెనీ పైలట్‌గా గడప తొక్కనివ్వదు. ఒక్క నిమిషం తగ్గినా వాళ్ళ కంప్యూటర్ దరఖాస్తును మొహాన కొడుతుంది. టీచరమ్మ దగ్గర పద్నాలుగు వందల తొంభై తొమ్మిది గంటల పది నిమిషాలున్నాయి. గడువు ఆ సాయంత్రం అయిదింటికి. మళ్ళీ తలుపు తెరిచేది ఏడాది తర్వాతే.

ఆమె ఫ్లయింగ్ క్లబ్బులో పాఠాలు చెబుతుంది. శిష్యుడి పక్కన కూర్చున్నంతసేపూ ఆ గంటలు ఆమె లెక్కలోనూ పడతాయి. చక్రం కదిలినప్పటి నుంచి ఆగేదాకా లెక్కే కనుక, షెడ్డు నుంచి రన్‌వే దాకా ఆమె శిష్యులందరిదీ నత్తనడకే. అందుకే మెకానిక్ ఆమెకు నత్తమ్మ అని పేరు పెట్టాడు. రెక్కల మీద పిట్టలు గూడు కట్టుకుంటాయేమో చూసుకోమని రోజూ హెచ్చరించేవాడు.

నాలుగేళ్ళుగా ఆమె మకాం అక్క ఇంట్లో, హాల్లో సోఫా మీద. ఇంకా ఎన్ని గంటలే అని అక్క రోజూ అడుగుతుంది. టీవీ ముందు తన పదిహేను వందల గంటలు ఎప్పుడో పూర్తయ్యాయని, అయినా ఏ కంపెనీ పిలవలేదని బావ వాపోతాడు. ఆమెకు ఒళ్ళు మండేది. కానీ సోఫా ఆయనది కనుక నవ్వేది.

ఆ రోజు పదకొండింటికి పళ్ళ డాక్టరు పాఠానికి వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఇంతవరకూ ఒంటరిగా ఎగిరింది లేదు. క్లబ్బుకున్నది ఒకే ఒక్క విమానం. ఈ పాఠం కాగానే అది సర్వీసింగ్‌కి షెడ్డులోకి పోతుంది. టీచరమ్మకు కావలసిన యాభై నిమిషాలు ఇక్కడే దొరకాలి.

రన్‌వే చేరేసరికే పావుగంట గడిచింది. ఆమె లోలోపల కూనిరాగం తీసింది. డాక్టరు విమానాన్ని లేపి, ఒక చుట్టు తిప్పి దింపాడు. చక్రాలు నేలను తాకిన సంగతే తెలియలేదు. రెండోసారీ అంతే. మూడోసారి మరీ అన్యాయం, ఆమె కంటే బాగా దింపాడు.

ఇలా దింపే మనిషిని ఒంటరిగా పంపి గురువు దిగిపోవాలి. దిగిపోతే ఇక ఆ నిమిషాలు ఆమెవి కావు. నిజానికి ఆయన్ని పోయిన వారమే పంపాల్సింది. అప్పుడు గాలి బాగాలేదంది, అంతకుముందు మబ్బు అంది. గాలికీ మబ్బుకీ నోరు లేదు కనుక సరిపోయింది.

"ఇంకో రౌండు వేద్దామండీ. దిగేటప్పుడు కొంచెం కుడికి లాగుతున్నారు," అంది.

డాక్టరు విమానాన్ని పక్కదారిలోకి తిప్పి ఆపాడు.

"మా దగ్గరా ఉందమ్మా ఈ విద్య. పన్ను బాగైపోయాక కూడా ఇంకో సిట్టింగ్ కావాలంటాం. మొహం అచ్చం ఇలాగే పెడతాం."

ఆయన గొంతులో కోపం లేదు. గడియారంలో ముప్ఫై నిమిషాలయ్యాయి, ఇంకా ఇరవై కావాలి. అడిగితే ఇంకో రౌండుకు కాదనడు, పెద్దమనిషి. ఆ సంగతి తెలిసే ఆమెకు సిగ్గేసింది. బెల్టు విప్పుకుంది.

"కుడికేం లాగట్లేదండీ. ఈసారి మీరొక్కరే వెళ్ళండి. నా బరువు ఉండదు కాబట్టి తొందరగా లేస్తుంది, కంగారుపడకండి."

నిజంగానే తొందరగా లేచింది. గడ్డిలో నిలబడి చూస్తుంటే ఆమెకు ఏడుపూ వచ్చింది, సంతోషమూ వేసింది. ఏది ఎందుకో విడదీసే ఓపిక లేక రెండూ కానిచ్చింది.

ఒంటరిగా దిగినవాడి నెత్తిన బకెట్టు నీళ్ళు కుమ్మరించడం క్లబ్బు ఆనవాయితీ. మెకానిక్ ఆ పని తృప్తిగా చేశాడు. తడిసి ముద్దయిన డాక్టరు ఆమె చెయ్యి వదలకుండా, పన్ను నొప్పెడితే రమ్మని, ఒక్క సిట్టింగ్‌లో తేల్చేస్తానని మాటిచ్చాడు.

సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే అక్క ప్రశ్న ఎదురొచ్చింది.

"ఇరవై నిమిషాలు," అంది ఆమె.

"అంతేనా. అయితే వచ్చేసినట్టేగా."

"ఏడాది పడుతుందక్కా."

బావ టీవీ కట్టేసి, సోఫా మీంచి లేచి, దిండు దులిపి పెట్టాడు. రోజూ వేసే జోకు వెయ్యలేదు. అప్పటిదాకా బాగానే ఉన్న ఆమెకు, అది చూసి మాత్రం భయమేసింది.