మూత పెట్టిన నూనె

ఆ పొద్దున ఆకాశం ఏ సంగతీ తేల్చలేదు. మబ్బు కమ్మింది గానీ కురవలేదు, విరిగినట్టే విరిగి మళ్ళీ మూసుకుంది. బండి పెట్టుకునేవాళ్ళకి ఇలాంటి మబ్బే చెడ్డది. గట్టిగా కురిస్తే బండి తియ్యకుండా ఇంట్లో ఉంటారు. ఇది అలా కాదు, మనిషిని బయటికి పిలిచి మరీ తడుపుతుంది.

దుంపలాయన బండి ఆసుపత్రి గేటుకీ బస్సులు ఆగే చోటుకీ మధ్యన ఉంటుంది. బంగాళాదుంపలు పలచగా తరిగి, నూనెలో వేయించి, ఉప్పూ కారం చల్లి పొట్లాలు కట్టి అమ్ముతారు. తరిగేదీ, పొట్లాలు కట్టేదీ ఆయన. పొయ్యి మాత్రం ఆయన భార్యది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఆయన దుంపలు మాడ్చాడు. అప్పట్నించీ ఆవిడ ఆయన్ని మూకుడు దగ్గరికి రానివ్వలేదు, ఆయనా రాలేదు.

ఎండాకాలంలో నగరం ఆఫీసు వాళ్ళు కొత్త నిబంధనలు తెచ్చారు. ఫోనుతో తాళం తీసి, నిలబడి తోలుకుపోయి, పనయిన చోట వదిలేసే అద్దె స్కూటర్లు ఊరంతా పెరిగాయి. కాళ్ళకి తగిలి ముసలివాళ్ళు పడుతున్నారని గొడవయింది. వాటికి కళ్ళెం వేస్తూ, అదే చేత్తో తిండి బళ్ళకీ వేశారు. చక్రాలున్నవన్నీ ఒకే గాటన కట్టేశారు. స్కూటర్లు నిలపడానికి రోడ్డు పక్కన నీలం గడులు గీశారు. గడికి రెండు బళ్ళ దూరంలో తిండి బండి ఉండకూడదు. ఉంటే లారీ వచ్చి ఎత్తుకుపోతుంది. ఎత్తుకుపోయిన బండి తిరిగొచ్చిందని విన్నవాళ్ళు లేరు.

ఆసుపత్రి దగ్గర నీలం గడి సరిగ్గా దుంపలాయన బండి నిలిచే చోటే గీశారు. రంగు కింద ఇన్నేళ్ళ నూనె మరక ఇంకా కనిపిస్తూనే ఉంది. ఆయన ఒక బండి దూరం జరిగాడు. అంతకంటే జరగడానికి లేదు. ఇటు గేటు, అటు బస్సులు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ లారీ మీద పనిచేసేది ఆయన బావమరిదే.

కుర్రాడు ఊహ తెలిసినప్పట్నించీ అక్క దగ్గరే పెరిగాడు, వాళ్ళుండే ఒక్క గదిలోనే ఉంటాడు. అడ్డదిడ్డంగా పడున్న స్కూటర్లని లారీలోకి ఎత్తే పనని చెప్పి చేర్చుకున్నారు. తిండి బళ్ళు కూడా ఎత్తాలని తరవాత చెప్పారు. మానేస్తానన్నాడు. అక్క వద్దంది. బండి ఉంటుందో ఊడుతుందో తెలియని రోజుల్లో ఇంట్లో ఒక ఉద్యోగమన్నా నిలవాలంది.

బావ మాత్రం ఆటపట్టించేవాడు.

"ఏరా, ఇవాళ ఎందరి కడుపు కొట్టొచ్చావు?"

"నీది తప్ప అందరిదీ, బావా. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారుగా."

అందులో నిజం లేకపోలేదు. నూనె కాగుతున్న బండిని ఎత్తకూడదని నిబంధన ఉంది. చల్లారేదాకా ఆగాలి, లారీకి అంత తీరిక ఉండదు. అందుకని బళ్ళవాళ్ళు లారీ వాసన తగిలితే చాలు, మంట పెంచేసేవాళ్ళు. ఆసుపత్రి వీధి మలుపు తిరిగేటప్పుడు కుర్రాడు లారీ పక్క రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసేవాడు. అక్క మంట పెంచేది. లారీ వచ్చేసరికి మూకుడు పొగలు కక్కుతూ ఉండేది. "కాగుతోంది సార్" అనేవాడు కుర్రాడు, అక్క ముఖం చూడకుండా. లారీ వెళ్ళిపోయేది.

ఆ మబ్బు పట్టిన రోజుకి ముందు సాయంత్రం కుర్రాడు ఇంటికొచ్చి చెప్పాడు, సూపర్‌వైజరు మారాడని. టోపీ పెట్టుకుంటాడు, నవ్వడు. ఆ రోజే ఒక టీ బండిని ఎత్తమంటే మిగతా కూలీలు విసిరినట్టు పడేశారు, ఇరుసు విరిగింది. అది చెబుతూ అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

అక్క అతని పళ్ళెంలో ఇంకాస్త పులుసు పోసింది. తరవాత అంది: "మన వంతు వస్తే నువ్వే ఎత్తు. ఎవరో చెయ్యి వేసి విరగ్గొట్టేకంటే నీ చెయ్యి మేలు."

దుంపలాయన ఏదో వేళాకోళం ఆడబోయి మానుకున్నాడు.

మర్నాడు చినుకు మొదలయ్యే వేళకి తరిగిన దుంపలు అయిపోవచ్చాయి. ఆవిడ సంచీ తీసుకుని సందు చివరి కొట్టుకి వెళ్ళింది. అదే సమయంలో ఆసుపత్రి నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్ళు నాలుగు స్కూటర్లు తెచ్చి, గడి ఖాళీగా ఉన్నా, బండికి ఆనించి వదిలేసి బస్సెక్కారు. ఇప్పుడు చూసినవాడికెవరికైనా బండీ స్కూటర్లూ ఒకే గుంపు. వాటిని గడిలోకి లాగెయ్యాలి.

నిప్పు వదిలి మనిషి పక్కకి పోకూడదు. అందుకని పొయ్యి ఆర్పాడు. నూనె ఇంకా సలసల కాగుతోంది. చినుకు పడితే చిట్లి దారినపోయేవాళ్ళ మీద పడుతుంది. అందుకని మూత పెట్టాడు. రెండూ జాగ్రత్త కోసం చేసినవే. ఆయన పుట్టిన ఇంటి కప్పు కారేది. వాన వచ్చిందంటే వాళ్ళమ్మ ముందు గిన్నెలకి మూతలు పెట్టి, ఆ తరవాతే పిల్లల్ని లోపలికి పిలిచేది.

తాళం తియ్యని స్కూటర్ని కదిపితే అది అలారం మోగిస్తూ ఏడుస్తుంది. వీధిలో వాటిని ఏడుపుగొట్టు బళ్ళంటారు. ఒకదాన్ని లాగేసరికి రెండోది పడి అదీ అందుకుంది. దుంపలాయన వీపు బండి వైపు, చెవుల నిండా ఆ రొద. మలుపు దగ్గర పడిన రెండు దెబ్బలు ఆయనకి వినబడలేదు.

లారీ ఆగింది. కుర్రాడు దిగి చూశాడు. అక్క లేదు. బావ అవతల స్కూటర్ల మధ్య వంగి ఉన్నాడు, పిలిస్తే గుట్టు బయటపడుతుంది. మంట లేదు. మూకుడు మీద మూత ఉంది.

అక్కాతమ్ముళ్ళ పుట్టింట్లో మూతకి ఒకటే అర్థం. చిన్న గది, పాకే పిల్లలు, వాళ్ళమ్మ కూలికి పోయేది. మూత లేని గిన్నె దగ్గరికి పోకూడదు. మూత పెట్టి ఉంటే చల్లారినట్టే, ముట్టుకోవచ్చు. ఆ మాట అక్కాతమ్ముళ్ళకి నడకతోపాటు వచ్చింది. అక్క ఈ బండి మీద కూడా ఏనాడూ వేడి నూనెకి మూత పెట్టలేదు. దాని సంగతి మొగుడికి చెప్పాలని ఆవిడకి తోచనూ లేదు. ఊపిరి పీల్చడం ఎలాగో ఎవరైనా చెబుతారా?

"ఎవరిది ఈ బండి? నీకు తెలిసినవాళ్ళా?" అన్నాడు టోపీ ఆయన.

"కాదు సార్."

"నూనె చూశావా?"

"మూత ఉంది సార్. చల్లారింది."

మిగతా ఇద్దరు కూలీలు ముందుకొస్తుంటే కుర్రాడు వాళ్ళని ఆపాడు. తనే వంగి, మెల్లిగా, గాజుసామాను ఎత్తినట్టు, ముందు చక్రాన్ని లారీ వాలుపలక మీదికి లేపాడు. మూత మీద చినుకు చుయ్యిమంది. ఏడుపుగొట్టు బళ్ళ రొదలో అది కలిసిపోయింది.

దుంపలాయన వెనక్కి తిరిగేసరికి బండి వాలుతోంది. అరిచాడు. ఆ అరుపూ రొదలో కలిసిపోయింది. మూత జారింది, దాని వెనకే నూనె జారింది.

ఆసుపత్రి గేటు ఎదురుగానే ఉంది. అదొక్కటే ఆ రోజు కలిసొచ్చింది.

కుర్రాడి రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. వేళ్ళు మునుపటిలా ముడుచుకోవడం కష్టమన్నారు డాక్టర్లు. లారీ వాళ్ళు, సరిగ్గా చూడకుండా ఎత్తింది అతనేనని రాసుకుని పేరు కొట్టేశారు. ఖాళీ అయిన బండిని ఎత్తడానికి అడ్డేముంది, అదే రోజు ఎత్తుకుపోయారు. దుంపలాయన వెళ్ళి అడిగాడు. పెద్ద ఆవరణలో పాడైన స్కూటర్లు గుట్టగా పడున్నాయి, ఆ గుట్ట కింద ఆయన బండి చక్రం ఒకటి కనిపించింది. గుమాస్తా ముక్కలకింద కొట్టేశామన్నాడు. మర్యాదగానే చెప్పాడు.

కుర్రాడు ఆసుపత్రిలో అక్కతో ఒక్క మాటే అన్నాడు: "మూత ఉంది కదక్కా." ఆవిడకి అంతా అర్థమయింది. ఇంటికి తెచ్చుకునేదాకా కడుపులోనే పెట్టుకుంది.

ఇంటికొచ్చిన రోజు గదిలో కుర్రాణ్ణి గోడకి ఆనించి కూర్చోబెట్టి, మొగుడి వైపు తిరిగింది.

"మూత ఎందుకు పెట్టావు?"

"చినుకు పడుతోంది కదా," అన్నాడు దుంపలాయన. ఆగి, "ఏం, పెట్టకూడదా?" అన్నాడు.

ఆవిడ నోరు తెరిచింది. తమ్ముడు అక్క వైపు చూసి, తల అడ్డంగా, కనబడీ కనబడనట్టు ఆడించాడు. ఆవిడ నోరు మూసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది. దుంపలాయన మొద్దేమీ కాదు. వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూశాడు. పొయ్యి మీద గిన్నె వైపు చూశాడు. మూత లేకుండా ఉడుకుతోంది. ఆవిరి పైకి పోతోంది. చూస్తూ చూస్తూ అలాగే కూర్చుండిపోయాడు.

సంచీలో ఆ రోజు కొన్న దుంపలు అలాగే ఉండిపోయాయి. కొన్నిటికి మొలకలొచ్చాయి. ఆవిడ మొలకలు గిల్లి, ఉడకబెట్టి, ఉప్పు చల్లింది. నూనె లేదు.

ముగ్గురూ ఒక్క పళ్ళెం చుట్టూ కూర్చున్నారు. ఆవిడ ఇంకా ముట్టుకోలేదు. దుంపలాయన ఒక దుంప తీసి, తొక్క ఒలిచి, రెండు ముక్కలు చేసి, ఆవిరి పోయేదాకా ఊదాడు. పెదవికి ఆనించి చూసుకున్నాడు. మళ్ళీ ఊదాడు. అప్పుడు బావమరిది నోటికి అందించాడు. అతను తిన్నాడు. మరొకటి ఒలిచాడు.