గేటుకు వేలాడిన మూడేళ్ళు

నేను ఒక రేకు ముక్కను. పూర్వాశ్రమంలో నూనె డబ్బాను. రామచంద్రపురంలో ముత్యాలరావు గారు నన్ను కత్తిరించి, సాపు చేయించి, మీద 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అని ఎర్ర రంగుతో రాయించి గేటుకు కట్టారు. మోస్తున్నది అబద్ధమని నాకు మూడేళ్ళకు గాని తెలియలేదు.

ఆయన కాపురం పై వాటాలో. కింది వాటా ఖాళీ. అడగవచ్చినవాళ్ళను అరుగు మీద కూర్చోబెట్టి విచారించేవారు. గోడలకు మేకులు కొడతారా? మీ పోపు ఘాటు ఎంత దూరం పోతుంది? మంచివాళ్ళేనని పాత ఓనరు చేత చిట్టీ రాయించుకొచ్చారా? ఒక కొత్త జంటనైతే, "మీ ఇద్దరిలో ఎవరికైనా ఈ రెండేళ్ళలో పోయే ఉద్దేశం ఉందాండి?" అని అడిగారు. ఇంట్లో చావు జరిగితే ఆర్నెల్లు పాడుపెట్టాల్సి వస్తుందని ఆయన భయం. వాళ్ళు ఆలోచించుకుని చెబుతామని వెళ్ళారు. ఇంకా ఆలోచిస్తున్నట్టున్నారు.

అప్పుడొచ్చింది అంగన్‌వాడీ టీచరు సుభద్ర. ఉంటున్న ఇంటిని శుక్రవారం పడగొట్టేస్తున్నారు. ముసలి తల్లిని ఎక్కడికి తీసుకుపోవాలో తెలియదు. పైగా ఆ తల్లికి దగ్గు.

"రోజుకెన్నిసార్లు దగ్గుతారమ్మా ఆవిడ?"

"లెక్కెట్టలేదండి."

"లెక్కెట్టుకుని రా."

మర్నాడు కాగితం నిండా గీతలు గీసుకుని వచ్చింది. "నూటపన్నెండండి."

"వంద దాటితే కష్టమమ్మా."

సుభద్ర చెప్పులు వేసుకుంటోంది. పై వాటా నుంచి ఆయన భార్య వరాలమ్మ గారు దిగి వచ్చారు. కాగితాల్లో ఇల్లు ఆవిడ పేరు మీదే ఉంది. ఆ సంగతి ఆవిడకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

"ఉండమ్మా. ఏవండీ, మీరలా అరుగు మీద కూర్చోండి. గురక పెడతారా?"

"నీకు తెలీదేంటి?"

"ఓనరుగా అడుగుతున్నానండి."

"పెడతాను."

"పొద్దున్నే గొంతు గీరతారు, వీధి చివరికి వినపడద్ది. ఎన్నిసార్లో లెక్కుందా?"

"లేదు."

"మేకులు?"

"హాల్లో ఏడు కొట్టాను."

"పాత ఓనరు చిట్టీ?"

ముత్యాలరావు గారు నిజాయితీపరులు. "ఇలాంటోడికి నేనైతే ఇల్లివ్వను" అన్నారు.

"మరి మీరు ఖాళీ చేస్తారా, ఈ అమ్మాయికి తాళాలిస్తారా?"

గురువారం సామాను దిగింది. నన్ను గేటు నుంచి విప్పేశారు. ఇప్పుడు సుభద్ర పెరట్లో నీళ్ళ డ్రమ్ముకు మూతను. రాత అడుగువైపుకు పోయింది కాబట్టి నన్ను చదివేది నీళ్ళే. వాటిని ఏ ప్రశ్నా వేయకుండా ఉండనిస్తున్నాను.

రోజూ సాయంత్రం ముత్యాలరావు గారు చేతిలో నోటు పుస్తకంతో మెట్లు దిగి వస్తారు. నిన్న మొహం వాడిపోయి ఉంది.

"అమ్మాయ్, ఇయ్యాల తొంభై నాలుగే వినపడ్డాయి. అమ్మగారు బానే ఉన్నారా?"

లోపల ముసలావిడ దగ్గింది.

"తొంభై అయిదు" అని రాసుకుని, ఆయన స్థిమితంగా మెట్లెక్కారు.