తలుపు తట్టని మర్యాద

అమ్మమ్మ ఒంటరిగా ఉన్నప్పుడు పడిపోతుందేమో, పిలిచినా ఎవరికీ వినిపించదేమో. నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఇదే. ఒకసారి అలాగే జరిగింది. అప్పుడు నేను గుమ్మం ముందే ఉన్నాను.

మా అమ్మమ్మ ఎల్సీ ఇల్లు మా తెగవాళ్ల ఎడారిలో, ఆకాశానికి లేచిన ఎర్రరాతి స్తంభాల కింద ఉంటుంది. దుంగలు పేర్చి మట్టి మెత్తిన గుండ్రటి ఇల్లు. ఆ రాళ్లను చూడటానికి ప్రపంచమంతా వస్తుంది. వచ్చినవాళ్లు రాళ్లతో ఊరుకోరు. ఆమె ఆరేసిన బట్టలకూ ఫొటోలు తీస్తారు. ఒకాయన తలుపు తోసుకుని వచ్చి, రొట్టెలు వేయిస్తున్న అమ్మమ్మని నవ్వమన్నాడు.

"పదో తరగతి దాకా చదివావుగా వెర్లిండా, ఆ చదువు ఇప్పుడైనా పనికి రానీ. ఓ బోర్డు రాయవే," అంది అమ్మమ్మ. కడుపుతో బడి మానేసినప్పటి నుంచీ ఆ దెప్పు నాకు అలవాటే. 'ఇది చూసే చోటు కాదు. దగ్గరికి రావద్దు' అని రాసి దారిలో పాతాను.

పట్నం హోటల్లో గదులు ఊడ్చే పనికి పోతానన్నప్పుడు ఇద్దరం పోట్లాడుకున్నాం. "పాలు తాగే పిల్లని ఎవరి మొహాన పడేస్తావ్?" అంది. నేను విసురుగా పట్నం వచ్చేశాను.

వారం తర్వాత, మార్చిలో, నా పాప షాండీన్‌ని బండిలో వేసుకుని అమ్మమ్మ దగ్గరికి వెళ్లాను. మా తెగవాళ్లం ఒకరింటికి వెళితే తలుపు తట్టం. బండి ఆపి అందులోనే కూర్చుంటాం. ఇంట్లోవాళ్లు ఇష్టమైతే బయటికి వస్తారు. రాకపోతే ఇప్పుడు వద్దని అర్థం. సొంత మనవరాలిని, మామూలుగా నేరుగా లోపలికి పోయేదాన్నే. ఆ రోజు మాత్రం పరాయిదానిలా బండిలో కూర్చున్నాను.

అమ్మమ్మ కుక్క నా దగ్గరికి వచ్చి, మళ్లీ తలుపు దగ్గరికి పరుగెత్తింది. మళ్లీ వచ్చింది. పొగగొట్టంలో పొగ లేదు. అదీ చూశాను. చూసి కూడా, ఇంకా కోపం తగ్గలేదన్నమాట అనుకున్నాను. అరగంట తర్వాత, తెచ్చిన మాంసం పులుసు గిన్నెతో సహా వెనక్కి తిరిగాను.

లోపల అమ్మమ్మ తుంటి విరిగి పొయ్యి పక్కన పడి ఉంది. నా బండి చప్పుడు విందట. పిలిచిందట. పాపకి చలి వేస్తుందని నేను ఇంజను ఆపలేదు.

మర్నాడు పొద్దున రాళ్లు చూడటానికొచ్చిన ఎవరో ఆవిడ బోర్డు దాటుకుని వచ్చి తలుపు తోసింది. ఫోను సిగ్నలు అందే గుట్టదాకా పోయి అంబులెన్సు పిలిచింది.

"ఆవిడకి సిగ్గులేదు కాబట్టి బతికాను. నీ మర్యాదకైతే చచ్చేదాన్నే," అని ఆసుపత్రి మంచం మీద అమ్మమ్మ నవ్వింది.

"ఫొటో తీసిందా?"

"ముందు అదే తీసింది. తర్వాతే గుట్టకి పరుగెత్తింది."

నాతో పట్నం వచ్చెయ్యమని బతిమాలాను. "నా గొర్రెల్ని నీ హోటల్లో పడుకోబెడతావా?" అంది.

ఇప్పుడు కర్ర పట్టుకుని మళ్లీ అక్కడే ఉంది. బోర్డు పీకనివ్వదు. నేను హోటల్ గోడల మీద ఆ రాళ్ల ఫొటోలకే దుమ్ము తుడుస్తున్నాను. వారానికి ఒక్కరోజే వెళ్లగలను.

మీరు ఆ రాళ్లు చూడటానికి వెళితే, తూర్పు వైపు నీలం తలుపు కనిపిస్తుంది. పొద్దున పొగ రాకపోతే బోర్డు మాట వినకండి. బండిలో కూర్చోకండి. తలుపు తట్టండి, పలకకపోతే తోయండి. కెమెరా బండిలోనే వదిలేసి, ఒక్కసారి ఆమెని చూసి రండి.