కుర్చీ కట్టు

రైస్ మిల్లు ఆవరణలో నిలబడ్డ భ్రమరాంబకు అది తన ఇంటి వరండాయే అని తెలుస్తూనే ఉంది, ఊక కుప్పల మధ్య నుంచి వంటింటి గుమ్మం కనపడుతోంది, గుమ్మానికి అవతల కాలువ పారుతోంది, ఇవన్నీ ఒకచోటికి ఎలా వచ్చాయని అడగాలని మాత్రం ఆమెకు తోచదు. ఆమె నెత్తిన పడక కుర్చీ ఉంది. విరిగిన చేతిని జిగురుతో అతికించి, పాత చీర అంచుతో బిగించి కట్టిన కుర్చీ. మెడ లాగేస్తోంది, ఎప్పట్నుంచి మోస్తోందో గుర్తులేదు, ఎక్కడ దించబోయినా అక్కడ ఎవరో ఒకరు కాలు ఊడిన పీటో, పట్టు వదిలిన స్టూలో పట్టుకుని అడ్డంగా నిలబడి, "ఆయన ఉన్నారాండీ?" అంటున్నారు.

ఉన్నాడు. ఊక కుప్ప పక్కన గొంతుక్కూర్చుని, కళ్లజోడు ముక్కు మీదికి జారిపోతుంటే, ఎవరిదో బల్ల చెక్కను చిత్రిక పడుతున్నాడు సోమలింగం. పోయి ఏడాది దాటిన మనిషి, ఆసుపత్రి నుంచి తిరిగి రాని భర్త, అదే బొత్తాం ఊడిన చొక్కాలో. బతికినన్నాళ్లూ ఆయన మిల్లులో గుమాస్తా, ఆదివారం వస్తే మాత్రం వీధి మొత్తానికీ వడ్రంగి. ఊళ్లోవాళ్ల సామానంతా ఊరికే బాగుచేసి పెట్టి, సొంత ఇంటి సామాను దగ్గరికొచ్చేసరికి చూద్దాంలే అనేవాడు. చివరి ఆదివారం ఏమనిపించిందో, భార్య కుర్చీ ముట్టుకున్నాడు.

"ఇంకా కట్టుతోనే ఉందేంటే? విప్పలేదా?" అంటాడు తల ఎత్తకుండానే.

భ్రమరాంబకు ఒళ్లు మండుతుంది. "మీరేగా అన్నారు, నేను చెప్పేదాకా ముట్టుకోకు అని! చెప్పకుండానే పోయారు. అప్పట్నుంచీ నేల మీదే నా బతుకు. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. హైమేమో 'విప్పి కూర్చోవే అమ్మా, లేదంటే పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం' అని రోజూ నస. కూతురికి ఏం చెప్పమంటారు?"

ఆ ఇంట్లో ఎవరు కట్టిన కట్టు వాళ్లే విప్పాలి. పెళ్లైన కొత్తలో ఆమె తొందరపడి ఒక పీట కట్టు విప్పేస్తే, దాని మీద భోజనానికి కూర్చున్న పెదమామగారు పక్కకి ఒరిగి వడ్డించిన విస్తట్లో పడ్డారు. ఆ ముచ్చట వీధంతా చాన్నాళ్లు చెప్పుకుంది. ఆ తర్వాత ఆమె ఏ ముడి జోలికీ పోలేదు.

"చుక్క చూశావా?" అంటాడు సోమలింగం.

"ఏ చుక్క?"

"అతికించినప్పుడల్లా పక్కన ఎక్కడో ఒక చోట ఒక చుక్క జిగురు పెడతాను కదే. లోపల ఆరిందో లేదో మనకేం కనపడుద్ది? చుక్క తెల్లగా ఉంటే పచ్చి. గాజులాగా అయిపోతే ఇంక విప్పెయ్యొచ్చు."

"ఇన్నేళ్ల కాపరంలో ఒక్కసారైనా చెప్పారా ఆ మాట?"

"నువ్వడిగావా?"

చచ్చినా ఈ మనిషి మారడు అనుకుంటూ, కుర్చీ నెత్తిన ఉండగానే ఆమె వంగి వెతుకుతుంది, నేలంతా బియ్యం గింజలే, అన్నీ తెల్లవే, ఒక్కోటీ వేలితో నొక్కి చూస్తుంటే వరండా ఇంకా ఇంకా పొడుగైపోతూ ఉంటుంది, చీటికీ మాటికీ ఎవరో వచ్చి స్టూలు చూడమంటారు. నడుం పట్టేసి అక్కడే చతికిలబడుతుంది.

"నిజం చెప్పమంటారా?" అంటుంది చివరికి. "చుక్క సంగతి తెలిసినా చూసేదాన్ని కాదు. విప్పితే మీ పని అయిపోయినట్టే కదండీ. అది అలా ఉన్నంతకాలం, మీరొచ్చి విప్పాల్సింది ఒకటి ఉందిలే అని నా ఆశ."

చిత్రిక ఆగిపోతుంది. మిల్లు చప్పుడూ ఆగిపోతుంది.

"నేనెక్కడొస్తానే పిచ్చిదానా," అంటాడాయన మెల్లగా. "నీ నడుంకోసం చేశాను దాన్ని. నువ్వెళ్లి నేల మీద కూర్చుంటే, నేను చేసినట్టా, చెయ్యనట్టా?"

"అలిసిపోయానండీ."

"తెలుసు. ఇటివ్వు."

ఆయన లేచి వచ్చి ఆమె నెత్తి మీంచి కుర్చీ అందుకుంటాడు, భుజాన పెట్టుకుని వంటింటి గుమ్మం వైపు నడుస్తాడు, ఇంత తేలిగ్గా ఉందేమిటి ఈ తల అని ఆమె ఆశ్చర్యపోయేలోగా కాలువ నీళ్లు ఆయన మోకాళ్ల దాకా వస్తాయి. "విప్పమంటారా అయితే?" అని వెనక నుంచి గట్టిగా అరుస్తుంది. ఆయన వెనక్కి తిరగడు.

"చుక్క చూడవే," అని మాత్రం వినపడుతుంది.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నపు ఎండ గది సగానికి వచ్చింది. భ్రమరాంబ చాప మీద, కుర్చీ పక్కనే, మెడ పట్టేసి పడుకుని ఉంది. ఏడాదిగా అక్కడే నడుం వాలుస్తున్నా, ఎప్పుడూ గుమ్మం వైపు తిరిగి పడుకునేది. ఇవాళ నిద్రలో గోడ వైపు తిరిగినట్టుంది. కళ్లకు ఎదురుగా, కుర్చీ వెనక కాలి లోపలి వైపున, బియ్యం గింజంత చుక్క ఒకటి ఉంది. దానిలోంచి చెక్క చారలు స్పష్టంగా కనపడుతున్నాయి.

గోటితో గీకి చూసింది. ఊడలేదు. కాసేపు ఏడ్చి, లేచి కూర్చుని, చీర అంచు ముడి ఎక్కడుందో చేత్తో తడుముకుంది.