రెండు వేళ్ళ ఎత్తు

జాతీయ ఫుట్‌బాల్ స్టేడియంలో తూర్పువైపు కప్పూ లేదు, కుర్చీలూ లేవు. ఉన్నవల్లా నలభై సిమెంటు మెట్లు. టిక్కెట్టు అన్నిటికన్నా చవక, ఎండ మాత్రం ఉచితం. ఇరవైరెండో మెట్టు దాటాక అడ్డంగా ఒక నడవ, నడవకి ముందువైపు మోకాలు దాటే పిట్టగోడ. నడవ వెనకాల మొదలయ్యేది ఇరవైమూడో మెట్టు. అది మిగతావాటికన్నా రెండు వేళ్ళు ఎత్తు.

యాభైరెండేళ్ళుగా దేశంలో సగంమంది బొటనవేళ్ళు దానికి కొట్టుకున్నాయి. తగిలినవాడు ముందుకు తూలి రెండు చేతులూ ఆనిస్తాడు. అందుకని దానికి దండం మెట్టు అని పేరు పడింది. ఒకసారి మంత్రిగారొకాయన కూడా దండం పెట్టాడని చెప్పుకుంటారు. అది పేపర్లో రాలేదు.

ఇప్పుడు స్టేడియానికి కొత్త హంగులు దిద్దుతున్నారు. పడమటివైపు పడగొట్టి అద్దాల గదులు కడుతున్నారు. తూర్పు మెట్లకి మాత్రం పగుళ్ళు పూడ్చి, ఎత్తులు సరిచేసి, రంగేస్తే చాలన్నారు. ఆ పని మేస్త్రమ్మ ముఠాకి వచ్చింది. మేస్త్రమ్మది ముప్పైఏళ్ళుగా తాపీ పట్టిన చెయ్యి. ఆమె తల్లి ఇవే మెట్లకి కాంక్రీటు తట్టలు మోసింది.

పైన అజమాయిషీ ఓ కుర్ర ఇంజనీరుది. ముఠా అతనికి రసమట్టం సారని పేరు పెట్టింది. బల్ల వాలుగా ఉందేమోనని రసమట్టం పెట్టి చూసుకున్నాకే టీ గ్లాసు దించుతాడని వాళ్ళ వేళాకోళం. చెడ్డవాడేం కాదు. వంకర కనిపిస్తే నిద్రపట్టదు, అంతే.

సోమవారం పొద్దున మేస్త్రమ్మ సిమెంటు బస్తాలు దింపించుకుని పైకొచ్చేసరికి డ్రిల్లింగ్ మిషను మోగుతోంది. ఆమె మరిది దండం మెట్టు చివర అప్పటికే రెండు బారలు చెక్కేశాడు. మేస్త్రమ్మ నేరుగా వెళ్ళి ప్లగ్గు పీకేసింది.

"ఏంటొదినా, కరెంటు పోయిందనుకున్నా!"

"పోయింది నీ బుర్రలోది. ఎవడు చెక్కమన్నాడు?"

"నేనే," అన్నాడు రసమట్టం సారు, చేతిలో కాగితాలతో మెట్లెక్కుతూ. "మెట్లన్నీ ఒకే ఎత్తు ఉండాలి మేస్త్రమ్మా. అది రూలు. ఇది కట్టినప్పుడు జరిగిన పొరపాటు."

"పొరపాటని ఎవరు చెప్పారు సారూ?"

ఆయన కాగితం తిప్పి చూపించాడు. గేటు దగ్గర పెట్టబోయే స్టేడియం చరిత్ర బోర్డు నకలు అది. శంకుస్థాపన ఎవరు చేశారో, తుఫానులో ఇళ్ళు పోయినవాళ్ళు మూడు నెలలు ఇక్కడ ఎలా తలదాచుకున్నారో, దేశం మొదటి కప్పు గెలిచిన గోలు ఎవరు కొట్టారో, అన్నీ ఉన్నాయి. కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. మేస్త్రమ్మ వేలు పెట్టి కూడబలుక్కుంది.

"'నైపుణ్యం లేని ఆడకూలీల పొరపాటు వల్ల ఎత్తు పెరిగిన ఇరవైమూడో మెట్టును ఈ మరమ్మతుల్లో సరిచేయడమైనది.'" తలెత్తింది. "ఆ ఆడకూలీల్లో ఒకత్తి మా అమ్మ. ఈ మెట్టు మీద ఉలి పెట్టను. పెట్టనివ్వను."

"మీరు కాకపోతే ఇంకో ముఠా వస్తుందమ్మా," అన్నాడాయన మెల్లగా.

"రానివ్వండి. ఈలోగా మీరొకసారి కూర్చోండి."

"ఎక్కడ?"

"కూర్చోడానికేగా కట్టింది. ఇదిగో, చెక్కని చోట." మరిదివైపు తిరిగింది. "ఒరేయ్, కిందికెళ్ళి ఆ మూల జెండాకర్ర దగ్గర బంతి పెట్టు. తన్నకు, పెట్టు."

మరిది గొణుక్కుంటూ దిగాడు. సారు ప్యాంటు దులుపుకునే సంగతి తర్వాత చూసుకుందామని కూర్చున్నాడు.

"బంతి కనపడుతోందా?"

"కనపడుతోంది."

"ఇప్పుడిటు జరగండి. మావాడు చెక్కిన చోటికి."

జరిగాడు. మెడ సాచాడు. సర్దుకుని మళ్ళీ చూశాడు. జెండాకర్ర పైముక్క ఒక్కటే పిట్టగోడ మీద మొలిచినట్టుంది. దాని పక్కన మరిది తల, భుజాలు. నడుము కింద మనిషి లేడు.

"బంతి ఏదీ?" అన్నాడు.

"పిట్టగోడ మింగేసింది," అంది మేస్త్రమ్మ. "ఇక్కడ రెండు వేళ్ళు తీస్తే అక్కడ నడుమెత్తు మాయం. మీరు చదువుకున్నారు, లెక్క నాకన్నా మీకే బాగా తెలుసు. మా అమ్మోళ్ళకి లెక్క రాదు. మధ్యాన్నం సద్దిమూటలు విప్పుకుని, ఈ మెట్టు పొయ్యడానికి కొట్టిన సెంట్రింగ్ చెక్క మీదే కూర్చుని చూశారు. పిట్టగోడ అప్పటికే లేచింది. మూల కనపళ్ళేదు. కంట్రాక్టరుతో చెబితే, ఆటతో మీకేం పనే, తట్టలు మొయ్యండన్నాడు."

సారు చెక్కని చోటికి జరిగి మళ్ళీ బంతిని చూశాడు.

"మర్నాడు వాడు భోజనానికి పోగానే ఆ చెక్క కింద కర్రపేళ్ళు దోపి రెండు వేళ్ళు లేపారు. కాంక్రీటు పోసేశారు. వాడు తిరిగొచ్చి కొలిచేసరికి బిగుసుకుంది. ముఠా మొత్తాన్నీ ఆ సాయంత్రమే పొమ్మన్నాడు. పోయారు. మెట్టు మాత్రం పోలేదు." బోర్డు కాగితం మీద వేలు పెట్టింది. "మీరు రాసిన ఈ గోలు ఎక్కణ్ణుంచొచ్చింది? ఆ మూల కొట్టిన కార్నరు నుంచే. అవతల మంత్రుల గ్యాలరీలో స్తంభం అడ్డమొచ్చి సగంమంది చూడనేలేదట. ఈ మెట్టు మీదోళ్ళంతా చూశారు."

"ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవరడిగారు సారూ? కాలికి తగిలితే తిడతారు. కంటికి కనపడితే ఎందుకు కనపడుతోందని అడిగేవాడెవడు?"

రసమట్టం సారు లేచి మెట్టు మీద, పిట్టగోడ మీద టేపు పట్టాడు. కాగితం వెనక లెక్క వేశాడు. ఒకసారి కొట్టేసి మళ్ళీ వేశాడు. చివరికి పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"మెట్టు ఉంటుంది. చెక్కింది పూడ్చెయ్యండి. ఎక్కే దారిలో మాత్రం జనం పడకుండా ఏదైనా చెయ్యాలి."

"అరమెట్టు కట్టిస్తా. ఇక దండాలుండవు. మరి ఆ బోర్డు?"

ఆయన చూపు తప్పించాడు. "దానిమీద స్టేడియం కమిటీ సంతకాలైపోయాయి. ఆ మాట తీయడం నా చేతిలో లేదు."

"మీ చేతిలో లేదు," అంది మేస్త్రమ్మ. "సరే."

సాయంత్రానికల్లా చెక్కిన రెండు బారలూ పూడ్చి, అంచు దిద్ది, రసమట్టం పెట్టి చూసింది. బుడగ నడిమికొచ్చి నిలబడింది. అప్పుడు తాపీ తిరగేసి, పచ్చి సిమెంటు మీద మొనతో రాసింది. జానెడు అక్షరాలు. బడిలో కూడా అంత గుండ్రంగా రాసి ఉండదు.

పొరపాటు కాదు. కావాలనే కట్టాం.

మర్నాడు పొద్దున్నే రసమట్టం సారు అది చూసి, గాభరాలో చదువుకున్నది కాస్తా మరిచిపోయాడు. "ఏమిటిది మేస్త్రమ్మా! రేపు కమిటీవాళ్ళొస్తున్నారు. త్వరగా నీళ్ళు పోయించి చెరిపించండి, నీళ్ళు!"

మేస్త్రమ్మ అప్పటికే గొట్టం పట్టుకుని ఉంది. అక్షరాల మీదుగా నీళ్ళు వదులుతూ అంది: "పోస్తూనే ఉన్నా సారూ. వారంరోజులు పోస్తా. సిమెంటుకి నీళ్ళు పెడితే చెరిగిపోతుందా? ఇంకా గట్టిపడుతుంది."